లెక్కలో లేని గోలీ

కొత్తవాడ, వరంగల్
జనవరి 6

మరదలు వినోదకు,

నా చేతిరాత బాగుండదు. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి. పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. మగ్గం గుంతలో దిగాక అందులో సగం మరిచిపోయాను. ఎగతాళి చేయకుండా కూడబలుక్కుని చదువుకో.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలిసిందే. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప ఏమీ తెలియదు. ఫోన్ వస్తే పక్కింటి నవ్య విని, ఆ మాటలు నాకు అరిచి చెప్పాలి. ఆమె అరిస్తే గల్లీ అంతా వింటుంది. ఇవి గల్లీ వినే మాటలు కావు. అందుకే రాసి మీ వాడకట్టు సదానందం చేతికి ఇస్తున్నాను. అతను పరకాల బస్సు కండక్టరే కాబట్టి పొద్దుగూకేలోపు నీకు అందుతుంది.

మీ అక్క కట్టమ్మ మునుపటిలా లేదు. నూలు కండెలు చుట్టడానికి రాట్నం ముందు కూర్చుంటుంది, కూర్చున్న చోటే కునుకు తీస్తుంది. మొన్న నీలం కండె అడిగితే ఎర్రది ఇచ్చింది. నేనూ చూసుకోకుండా జంపఖానాలో జానెడు నేసేశాను. విప్పుతుంటే వచ్చి నిలబడి, ఎందుకు విప్పుతున్నావని సైగ చేసింది. ఎర్రది ఇచ్చిన సంగతే ఆమెకు యాదిలో లేదు.

బాత్రూం గడప దగ్గర పడింది. దెబ్బ తగలలేదు. నోరు ఎండుతుందని చెంబులకు చెంబులు నీళ్లు తాగుతుంది. ఒంటికి పోవడానికి మాత్రం చాలా కష్టపడుతుంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. పిల్లలు లేని ఇల్లు, నీకు కాకుంటే ఎవరికి చెప్పుకోవాలి.

బీపీ లేదు, షుగర్ లేదు. ఏ మందూ వాడదు. కడుపులో మెలిపెడుతుందని గ్యాస్ గోలీ వేసుకుంటుంది, అంతే. దవాఖానకు పోదామంటే రాదు. నా చెవి దగ్గరికి వచ్చి ఒకటే మాట అరుస్తుంది. "నన్ను మేడారం తీస్కపో. నిలువెత్తు బంగారం ఇస్తనని మొక్కిన." బంగారమంటే బెల్లమే కదా, తన ఎత్తు బెల్లం తూయిస్తాను, అదేం కష్టం కాదు. ఎందుకు మొక్కినవ్ అంటే మాత్రం చెప్పదు.

అక్కాచెల్లెళ్లు ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడుకుంటారు. నీకేమన్నా చెప్పిందా? నాకు బుగులుగా ఉంది.

బావ సారంగపాణి


పరకాల
జనవరి 8

మాటలకు కరువు పెట్టే మా బావకు మరదలు దండం పెట్టి రాస్తున్నాను.

నా పెళ్లి నాటి నుంచి ఇప్పటిదాకా నువ్వు నాతో మాట్లాడిన మాటలన్నీ ఒక్కచోట కుప్ప పోసినా నీ ఉత్తరమంత కావు. మా కోడలు కావ్యను పిలిచి, "మీ పెద్దమామ ఉత్తరం రాసిండే" అంటే అది నమ్మలేదు. "అత్తమ్మా, ఎవలతోనన్న రాయించిండేమో" అన్నది. తప్పులు చూశాక నమ్మింది.

ఏమీ అనుకోకు, సదానందం సుత నవ్విండు. "ప్రేమ లేఖలా వినోదక్కా" అన్నడు. నోర్మూసుకొని టిక్కెట్లు కొట్టుకో అన్నాను.

బావ, అక్కకు వయసు మీద పడుతోంది. మతిమరుపు రాదా? నేను మొన్న కళ్లజోడు పెట్టుకునే కళ్లజోడు వెతికాను. నువ్వు ఊరికే ఫికర్ చేస్తున్నావు. గ్యాస్ గోలీ ఇక్కడ మా ఇంట్లో ఎవరు వేసుకోరు? దాంతో ఎవరికేం కాదు.

మొక్కు సంగతి అడిగావు. నాకు చెప్పింది. నీకు చెప్పను. తీరకముందే మొక్కు నోటి నుంచి జారితే అది మేడారం అమ్మకు చేరదని మా అమ్మ చెప్పేది. అక్క నాతో ఒట్టు వేయించుకున్నది. నీకు మంచి జరిగేదే, అంతవరకు చెప్తున్నాను. ఇంక తవ్వకు.

నేనూ వచ్చేదాన్నే. మోకాలి చిప్ప మార్పించుకున్నాక వాకర్ పట్టుకొని బాత్రూం దాకా పోవడమే నాకు మేడారం. నా పేరు మీద ఒక కొబ్బరికాయ కొట్టు. అక్క చెయ్యి వదలకు, జనంలో తప్పిపోతే నువ్వు పిలవలేవు, పిలిచినా ఆమె పలికింది నువ్వు వినలేవు.

వినోద


కొత్తవాడ
ఫిబ్రవరి 1

వినోదా,

నిన్న మేడారం నుంచి వచ్చాము. ఏం రాయాలో తెలియడం లేదు. వరుసగా రాస్తాను.

పోయే ముందు శనివారం బెల్లం తూయించాము. తూకంలో కూర్చున్నప్పుడు మీ అక్క మంచిగానే ఉంది. నవ్వింది కూడా. "పెండ్లప్పుడు తూస్తే సగం బెల్లంతో పోతుండె" అని నా చెవిలో అన్నది. ఆ మరునాటి నుంచి నిద్ర లేదు. జాతర సంబురం అనుకున్నాను.

జంపన్న వాగులో స్నానానికి దిగాము. నీళ్లు మోకాళ్ల దాకానే ఉన్నాయి. మీ అక్క చేతులు వణికాయి. చలి అనుకున్నాను. తర్వాత ఒళ్లంతా వణికింది. కళ్లు పెద్దవి చేసి చెట్ల వైపు చూస్తూ చెయ్యి చూపింది. అక్కడ ఎవరూ లేరు. గట్టిగా అరుస్తున్నట్టు నోరు కనపడింది. నాకు వినపడలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు మాత్రం వెంటనే చేతులు జోడించారు. ఎవరో పసుపు పూశారు, పెద్ద బొట్టు పెట్టారు, చేతికి వేపకొమ్మ ఇచ్చారు. ఒకామె నా చెవి పట్టుకొని అరిచింది. "నీ పెండ్లాం మీదికి అమ్మ వచ్చింది తాతా. దండం పెట్టు."

పెట్టాను. అంతమందిలో పెట్టకుండా ఎట్లా ఉంటాను.

అమ్మల గద్దెల దాకా జనమే తోవ ఇచ్చారు. బెల్లం సమర్పించాము. వణుకు తగ్గలేదు. బస్సులో తగ్గలేదు. ఇప్పుడు ఇంటి ముందు చెప్పులే చెప్పులు. ఒకరు కూతురి పెళ్లి అడుగుతారు, ఒకరు బోరులో నీళ్లు పడతాయా అని అడుగుతారు. ఆమె ఏదో చెబుతుంది. వాళ్లు కళ్లు తుడుచుకొని పోతారు. ఏం చెబుతుందో నాకు తెలియదు.

అందరూ పోయాక నా వైపు చూస్తుంది. ఆ చూపులో అమ్మవారు లేదు వినోదా. నేను మగ్గం మీది నుంచి లేస్తే గోడకు జరుగుతుంది. పెళ్లయిన నాటి నుంచి నన్ను చూసి ఆమె భయపడింది లేదు. అన్నం ముట్టడం లేదు. చెమటకు జాకెట్టు తడిసిపోతోంది.

మీ ఇంటిలో ఇంతకుముందు ఎవరికైనా ఇట్లా వచ్చిందా? ఇది అమ్మవారేనా?

సారంగపాణి


పరకాల
ఫిబ్రవరి 2

బావకు,

నీ ఉత్తరం చదివి దేవుని అర్ర ముందు దీపం పెట్టి మళ్లీ చదివాను. మా ఇంట్లో ఎవరికీ రాలేదు. మా అక్కకు వచ్చిందంటే ఆమె మొక్కు అంత గట్టిది. ఆ మొక్కేమిటో తెలిసిన దాన్ని కాబట్టి చెప్తున్నాను.

నువ్వు భయపడి దవాఖాన, సూదులు అనకు. అమ్మకు కోపం వస్తుంది. మెల్లగా దిగిపోతుంది. పసుపు నీళ్లు పెట్టు. కొత్త చీర కట్టించు. వచ్చినవాళ్లను కసురుకోకు, నువ్వు ఎట్లాగూ కసురుకోవు.

నా తరఫున పాదాలు ముట్టి ఒక్క మాట అడుగు. "అక్క మొక్కింది వినపడ్డదా తల్లీ" అని. ఏం చెప్పిందో నవ్యతో రాయించి పంపు. నేను తడి బట్టలతో చదువుతాను.

వినోద


పెద్ద దవాఖాన వరండా, వరంగల్
ఫిబ్రవరి 4

వినోదా,

కొత్త చీర కట్టించాను. నువ్వు రాసినట్టే పాదాలు ముట్టి అడిగాను. అడుగుతుండగానే కింద పడి కొట్టుకుంది. నోట్లో నురగ, నాలుక కొరుక్కుంది, రక్తం వచ్చింది. వచ్చినవాళ్లు కొబ్బరికాయలు వదిలిపెట్టి పారిపోయారు. నవ్య ఆటో పిలిచింది. దారిలో మళ్లీ ఒకసారి వచ్చింది.

ఫిట్స్ అన్నారు. తలకాయ ఫోటో తీశారు. అందులో ఏమీ లేదట. డాక్టర్ పిల్లగాడు కాగితం మీద తెలుగులో రాసి నాకు చూపించాడు, మంచివాడు. "ఏమేం మందులు వాడుతుంది?" అని. నేను లేదు అని తల ఊపాను. "బీపీ? షుగర్? మూర్ఛ? నిద్రగోలీలు?" ఏవీ లేవన్నాను. నిజమే కదా. చివరికి "కల్లు తాగుతుందా?" అని రాశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మీ అక్క కల్లు వాసనకే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి.

ఎందుకు అడిగాడో తర్వాత అర్థమైంది. పక్క వార్డు తలుపు దగ్గర మంచం మీద ఒకాయన ఉన్నాడు. ఆయన పెండ్లాం నా చెవిలో అరిచి చెప్పింది. వాళ్ల ఊరిలో కల్లు దుకాణం మూసేశారట, మందు కలిపిన కల్లు అని పట్టుకున్నారట. అప్పటి నుంచి వణుకు, నిద్ర లేదు, గోడ మీద పాములు కనపడుతున్నాయట. అచ్చం మీ అక్కలాగే వణుకుతున్నాడు. ఆ చేతులు, ఈ చేతులు ఒక్కటే తీరు.

కల్లు తాగని మనిషికి ఈ వణుకు ఎక్కడిది?

నన్ను గుర్తు పట్టడం లేదు. చేతులు మంచానికి కట్టారు. నేను వరండాలో కూర్చొని ఇది రాస్తున్నాను. వాళ్లు లోపల పిలిస్తే నాకు వినపడదు కాబట్టి ప్రతి నిమిషం తలుపు వైపు చూస్తూ రాస్తున్నాను. అందుకే గీతలు వంకరలు పోతున్నాయి.

నువ్వు ఏదో దాచావు. ఆమె నా మంచికే మొక్కిందని రాశావు. ఆ మొక్కు నాకు చెప్పు. చెబితే వచ్చే పాపం ఏదైనా నా మీద వేసుకుంటాను. ఆమె చచ్చిపోతుందేమో వినోదా.


పరకాల
ఫిబ్రవరి 4, సాయంత్రం

బావ,

సదానందం నా చేతిలో ఉత్తరం పెట్టి కదలకుండా నిలబడ్డాడు. ఈ బస్సుకే జవాబు ఇస్తున్నాను. తల్లి నన్ను ఏమన్నా చేయనీ, చెప్తున్నాను.

మొక్కు నీ చెవులకు. "మా ఆయనకు చెవులు వినపడాలె. వినపడేదాక నాకు అన్నిటికన్న ఎక్కువైంది ఒకటి వదులుతా." అదీ మొక్కు. బెల్లం తూయించిన నాటి నుంచి వదిలింది.

ఏం వదిలిందంటే ఆ గ్యాస్ గోలీ.

నాకు ఫోన్‌లో చెప్పినప్పుడు పడీపడీ నవ్వాను. "ఎవలన్న చాయ్ వదులుతరు, మాంసం వదులుతరు, గ్యాస్ గోలీ వదులుడేందే" అన్నాను. దానికి ఏమన్నదో విను. "చాయ్ నాకు లెక్క కాదే. అన్నం లేకున్నా ఉంట. గా గోలీ లేకపోతే నాకు నిద్ర పట్టది, కాళ్లుచేతులు ఆడయి. మొదలు రెండు వేసుకుంటుంటి, ఇప్పుడు ఐదారు అయితానయి. నాకు గంత ఇష్టమైంది ఇంకేం లేదు. అమ్మకు ఇష్టమైందే ఇయ్యాలె కదా."

ఎందుకే బావ చెవుల మీద ఇంత పట్టు అని అడిగాను. "నేను మాట్లాడితే వినేటోడు ఆయనొక్కడే ఉండె. ఇప్పుడు నాలో నేనే మాట్లాడుకుంటాన" అన్నది.

బావ, కల్లు బందైనోడు వణికినట్టు వణుకుతుందని రాశావు. ఇంట్లో బందైంది ఈ గోలీ ఒక్కటే. ఆ గోలీ పేరు డాక్టర్‌కు చెప్పావా? చెప్పి ఉండవు. నేనైనా చెప్పకపోదును. దాన్ని ఎవరు మందు అనుకుంటారు?

ఇంటికి పరుగెత్తు. ఖాళీ షీటు అయినా ఎక్కడో ఉంటుంది. తీసుకపోయి డాక్టర్ ముందు పెట్టు. సిగ్గుపడి మూలకు నిలబడకు. ఆయన కోటు పట్టుకొని గుంజు. అట్లాగే ఆ షీటు మీద ఏం రాసి ఉందో నాకు రాసి పంపు. ఎల్లుండి మోకాలి కట్టు మార్పించుకోవడానికి డాక్టరమ్మ దగ్గరికి పోతాను, అడుగుతాను.


పెద్ద దవాఖాన, వరంగల్
ఫిబ్రవరి 5

వినోదా,

షీటు దొరికింది. కండెల గంప అడుగున ఉంది. ఇంకా నాలుగు గోలీలు మిగిలి ఉన్నాయి. అవి దగ్గరే ఉంచుకొని ఇన్ని రోజులు వణికింది, ఒక్కటీ ముట్టలేదు.

డాక్టర్ కోటు పట్టుకొని గుంజాను. నర్సమ్మ కోపం చేసింది. షీటు చేతిలో పెట్టాను. అతను చూసి, నన్ను చూసి, మళ్లీ షీటు చూశాడు. పరుగెత్తాడు. ఏదో సూది ఇచ్చారు. వణుకు మెల్లగా తగ్గింది. మీ అక్క నిద్రపోయింది. పది రోజులు దాటాక ఆమె కళ్లు మూసుకుంటే చూశాను. నిద్రా, ఇంకేమన్నానా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను.

తర్వాత ఒక పెద్ద డాక్టర్ వచ్చి నాతో చాలాసేపు మాట్లాడాడు. షీటు చూపిస్తూ, వేళ్లు లెక్కపెడుతూ చెప్పాడు. మాస్కు తీయలేదు. నేను అన్నిటికీ తల ఊపాను. దేనికి తల ఊపానో నాకు తెలియదు. మళ్లీ చెప్పమని అడగడానికి నోరు రాలేదు. చుట్టూ అంతమంది పిల్ల డాక్టర్లు ఉన్నారు. ఆమె బతికే మాట చెప్పాడో, చచ్చే మాట చెప్పాడో.

షీటు వాళ్లే ఉంచుకున్నారు. మీ అక్క నిద్రపోయాక నర్సమ్మను అడిగి దాని మీది రాతను దించుకున్నాను. ఇంగ్లీషు నాకు రాదు. నమూనా చూసి జంపఖానాలో పువ్వు దించినట్టు, ఒక్కో గీత ఎటు వంగిందో చూసి దించాను. ఎర్ర గీత గల డబ్బా ఒకటి ఉంది, దాన్ని నర్సమ్మ ఎర్ర పెన్నుతో గీశాను. ఆ కాగితం ఇందులో పెట్టాను. దాన్ని చదివించు. నాకు అర్థమయ్యేటట్టు రాసి పంపు.

సారంగపాణి


పరకాల
ఫిబ్రవరి 6

బావ,

నువ్వు దించిన కాగితం నాకు కట్టు మార్చే డాక్టర్ మానసకు చూపించాను. "ఎవరు రాశారమ్మా, అచ్చు కొట్టినట్టుంది" అన్నది. మా బావ, జంపఖానాలు నేస్తాడని చెప్పాను. చదివాక ఆమె నవ్వు పోయింది. నన్ను కూర్చోబెట్టి తలుపు వేసింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నిదానంగా చదువు.

అది ఉత్త గ్యాస్ గోలీ కాదు. ఒక్క గోలీలో రెండు మందులు ఉన్నాయి. ఒకటి క్లిడినియం. పేగులు మెలిపెట్టకుండా సడలిస్తుంది. అది నోరు ఎండగొడుతుంది, ఒంటికి పోకుండా బిగబడుతుంది, చూపు మసకబారుతుంది, పెద్ద వయసు వాళ్లకు మతి తికమక చేస్తుంది. నువ్వు మొదటి ఉత్తరంలో రాసినవన్నీ అవే. మేమేమో వయసు అనుకున్నాము.

రెండోది క్లోర్‌డయాజెపాక్సైడ్. కావ్యతో అక్షరం అక్షరం రాయించుకున్నాను. అది మనసును నెమ్మది చేసి మత్తు తెచ్చే మందు. కడుపునొప్పి గాబరాతో పెరుగుతుందని దాన్ని కలుపుతారట. కొన్ని రోజులకు డాక్టర్ రాస్తే మంచిదే. రోజూ వేసుకుంటే మాత్రం ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, ఒకటి సరిపోక రెండు, రెండు సరిపోక నాలుగు. పడిపోతారు, తూగుతారు. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఉన్నపళంగా ఆపడం. ఆపితే నిద్ర పోతుంది, చెమటలు, వణుకు, లేనివి కనపడతాయి, ఫిట్స్ వస్తాయి. ప్రాణం పోవచ్చు. కల్లులో దొంగచాటుగా కలిపే మందులు కూడా ఈ జాతివే. నీ కళ్లు తప్పు చూడలేదు బావ, ఆ చేతులూ ఈ చేతులూ ఒక్కటే.

"ఎర్ర గీత పెట్టిందే ఇందుకమ్మా. చీటీ లేకుండా అమ్మకూడదని" అన్నది. అక్కకు డాక్టర్ పదిహేను రోజులకు రాశాడు. తర్వాత ఖాళీ షీటు చూపించి తెచ్చుకుంటూనే ఉన్నది.

నువ్వు దేనికి తల ఊపావో అది కూడా అడిగాను. ఆమె వరంగల్‌కు ఫోన్ చేసి కనుక్కున్నది. అక్క బతుకుతుంది. ఆ గోలీలోని రెండో మందు ఒక్కటే విడిగా ఇస్తారు. వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోతారు. వానాకాలం దాకా పట్టొచ్చు. మధ్యలో ఒక్క పూట కూడా తప్పొద్దు. మనంతట మనం ఎక్కువ చేయొద్దు, తక్కువ చేయొద్దు, ఆపొద్దు. ఈ మాటకే నువ్వు తల ఊపింది.

నేను దవాఖాన వద్దని రాశాను. పసుపు నీళ్లు పెట్టమని రాశాను. ఆ ఉత్తరం నీ దగ్గర ఉంటే చింపెయ్యి బావ.

వినోద


కొత్తవాడ
ఫిబ్రవరి 21

వినోదా,

నీ ఉత్తరం చింపలేదు. పొయ్యిలో వేశాను. ఆ సంగతి మరిచిపో.

ఇంటికి వచ్చి వారం దాటింది. మీ అక్కకు మతి వచ్చింది. నన్ను గుర్తు పట్టింది. ఇంటి ముందు చెప్పులు లేవు. నీళ్లు పట్టేటప్పుడు ఎవరో, "ఏందే కట్టమ్మా, అమ్మవారు ఖాళీ చేసి పోయిందా" అన్నారట. నవ్య వాళ్లను బాగా తిట్టిందట.

కొత్త కష్టం వచ్చింది. ఈ గోలీ ఏమిటని అడిగితే, ఆ పాతదానిలోని మందే, కొద్దికొద్దిగా తగ్గిస్తారని నవ్య ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మీ అక్క నోట్లో వేసుకున్నట్టే వేసుకుంటుంది. నిన్న ఆమె తల కింది మెత్త దులిపితే కరిగిన గోలీలు రాలాయి. ఎన్ని పూటల నుంచి ఇట్లా చేస్తుందో. మొన్నటి నుంచి చేతులు మళ్లీ వణుకుతున్నాయి. నేను చలి అనుకోవడం లేదు ఇప్పుడు.

బతిమాలాను. నాకు మాటలు రావని నీకు తెలుసు, వచ్చినవన్నీ ఖర్చు పెట్టాను. ఆమె నా చెవి దగ్గరికి వచ్చి అన్నది. "నీకు వినపడేదాక ముట్టనని మాటిచ్చిన. మాట తప్పితే నీకు అసలే వినపడది. నాకేమైతే గాని."

నాకు చెవులు వద్దు, నువ్వు ఉంటే చాలు అన్నాను. "నీకేం తెలుసు" అన్నది.

నోరు తెరిచి పొయ్యబోతే పళ్లు బిగబట్టింది. ఆమెను కొట్టలేను. మళ్లీ ఫిట్స్ వస్తే ఈసారి దక్కదు. నాకు కూడు పోవడం లేదు. ఏం చేయాలి?

సారంగపాణి


పరకాల
ఫిబ్రవరి 22

బావ,

ఇప్పుడే ఫోన్‌లో అక్కను తిట్టాను, ఏడ్చాను. మొక్కు నేను బయటపెట్టిన, అది ఎప్పుడో చెడిపోయిందే అని చెప్పాను. "నువ్వు చెడగొడితే పాపం నీది, నా మాట నాదే" అని పెట్టేసింది. మా అమ్మ మొండితనం అంతా దానికే వచ్చింది.

వెంటనే దవాఖానకు తీసుకపో, సూది వేయిస్తారు. నేను కారు మాట్లాడుకొని వచ్చే ఆదివారం వస్తున్నాను. వాకర్‌తోనే వస్తాను. ఆదివారం దాకా ఎట్లాగో కాపాడు.

వినోద


కొత్తవాడ
ఫిబ్రవరి 25

వినోదా,

దవాఖానకు పోవాల్సిన పని పడలేదు. ఎందుకో రాస్తాను. ఇది చదివాక కావ్యకు కూడా చూపించకు.

నీ ఉత్తరం వచ్చిన నాడు పొద్దుగూకే ముందు నేను మగ్గం మీద ఉన్నాను. నవ్య నాకు ఎదురుగా కూర్చొని కండె చుట్టి పెడుతోంది. మీ అక్క నా వెనక మంచంలో ఉంది. ఉన్నట్టుండి నవ్య చెయ్యి ఆగింది. కళ్లెత్తి నా భుజం మీదుగా మంచం వైపు చూసింది. మీ అక్క పిలిచిందని తెలిసింది. ఎన్నాళ్ల నుంచో అట్లా ఊరికే పిలుస్తూనే ఉంటుందట, నేను తిరగనని తెలిసి కూడా. నవ్య తర్వాత చెప్పింది.

నేను తిరిగాను. "ఏంది" అన్నాను.

అంతే. ముందు అనుకున్నది కాదు. నోట్లో నుంచి వచ్చేసింది.

మీ అక్క లేచి కూర్చుంది. మళ్లీ పెదాలు కదిపింది. అవి రెండే మాటలు, ఆకారం తెలిసినవే, నీళ్లు తే అని. నీళ్లు తెచ్చి ఇచ్చాను. చెంబు పట్టుకొని ఏడ్చింది. నా రెండు చెవులు చేతులతో తడిమింది. తర్వాత తనే గోలీ అడిగి తీసుకుంది. నాలుక ఎత్తి చూపించింది, మింగిన అని. ఆ పూట నుంచి ఒక్కటి తప్పలేదు. వణుకు తగ్గుతోంది.

నవ్యకు సంగతి తెలుసు. ఎదురుగా కూర్చొని కళ్లతో చెబుతుంది. ఆమె లేనప్పుడు నేను గోడకు వీపు పెట్టి మీ అక్క ముఖం కనపడేటట్టు కూర్చుంటాను. చిన్న మాటలు పెదాల మీద తెలుస్తాయి. పెద్ద మాటలకు ఊ కొడతాను. గోలీ పూర్తిగా బందయ్యేది వానాకాలంలో అని రాశావు. అప్పటిదాకా నాకు వినపడాలి.

అబద్ధం ఆడి ఎరుగను. తల్లి ఏమనుకుంటుందో తెలియదు. మీ అక్క కళ్లు మూసుకొని నిద్రపోతుంటే మాత్రం, అనుకుంటే అనుకోనీ అనిపిస్తోంది.

ఇప్పుడు నువ్వు వస్తే నాకు బుగులు. నువ్వు వచ్చీ రాగానే గడపలో నుంచే, "బావా" అని నా చెవి దగ్గర అరుస్తావు. అరవకు. చెవులు ఉన్నవాడితో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడు. నా ముఖం చూసి మాట్లాడు. నన్ను ఏమేం అడుగుతావో ముందే వరుసగా రాసి పంపు. జవాబులు కంఠతా పడతాను. వరుస తప్పకు. మధ్యలో ఎగతాళి పెట్టకు, నాకు దొరకదు.

ఇంకొక్క మాట. నిన్న మీ అక్క చాలాసేపు మాట్లాడింది. దీపాలు పెట్టే దాకా మాట్లాడింది. అన్ని రోజులు దాచుకున్నది ఒక్కసారి పోసినట్టు. ఒకచోట నవ్వింది. నేనూ నవ్వాను. ఒకచోట ఏడ్చింది. నా చెయ్యి పట్టుకొని ఏదో అడిగింది. నేను ఊ అన్నాను. ఆమె చానాసేపు నా ముఖంలోకి చూసి, తృప్తిగా పడుకుంది.

దేనికి ఊ అన్నానో నాకు తెలియదు వినోదా. ఆదివారం వచ్చినప్పుడు ఆమెను మెల్లగా మాటల్లో పెట్టి కనుక్కో. కనుక్కొని కాగితం మీద రాసి నా చేతిలో పెట్టు.

ముందు మాత్రం ఆ ప్రశ్నలు రాసి పంపు. సదానందాన్ని బస్సు దగ్గర ఆగమన్నాను. జవాబు జల్ది రాయి.

బావ సారంగపాణి